సర్దా, అలర్జీయా, వేరే రోగమా: గోలి వేసుకునే ముందు తేల్చుకునే పద్ధతి

అక్టోబర్, నవంబర్ నెలల్లో నల్గొండ, పాలమూరు వైపు అన్నీ ఒకేసారి మీద పడతాయి. సాగర్ ఎడమ కాలువ కింద వరికోతలు మొదలై, మిషన్ తిరిగిన మడి మీద దుమ్ము లేస్తుంది. కొనుగోలు సెంటర్లలో వడ్లు ఆరబోసి తూర్పార పడుతుంటారు. మునుగోడు, దేవరకొండ, అచ్చంపేట దిక్కు పత్తి ఏరుతుంటారు. వానలకు నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ కలుపు మొక్క బాటల వెంట తెల్లగా పూసి ఉంటుంది. డెంగీ దోమలు ఇంకా పోయి ఉండవు. రాత్రిపూట చలి మొదలై సర్ది జ్వరాలు ఇంటింటికీ తిరుగుతుంటాయి.

నేను మెడికల్ షాపు నడుపుతాను. ఆ రోజుల్లో కౌంటర్ దగ్గర ఎక్కువగా వినపడేది ఒకటే మాట: "అన్నా, సర్ది అయింది, ఒక గోలి ఇయ్యి." అడిగే మాట ఒకటే అయినా రోగాలు మాత్రం వేర్వేరు. ఒకరిది వడ్ల దుమ్ము పడక వచ్చిన అలర్జీ. ఒకరిది మామూలు సర్ది. ఒకరికి డెంగీ మొదటి రోజు. ఇంకొకరిది నెల నుంచి వదలని టీబీ దగ్గు. గోలి తప్పు పడితే మొదటి ఇద్దరికీ పెద్ద నష్టం లేదు, తర్వాతి ఇద్దరికీ ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇంట్లో ఉండి ఎంతవరకు తేల్చుకోవచ్చో, ఎక్కడ ఆగి డాక్టర్ దగ్గరికి పోవాలో వివరంగా రాస్తున్నాను.

ముందు దురద, జ్వరం చూడండి

అలర్జీకి దురద చుట్టం. ముక్కు లోపల దురద, కళ్ళ దురద, అంగిట్లో దురద, చెవి లోపల గోకాలనిపించడం, ఇవి అలర్జీ గుర్తులు. మామూలు సర్దిలో గొంతు నొప్పి, ఒళ్ళు బరువు ఉంటాయి గానీ ఇంత దురద ఉండదు. పిల్లలు అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంటుంటే గమనించండి. అలా రుద్ది రుద్ది కొందరికి ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. కళ్ళ కింద నల్లగా వలయాలు కూడా కనపడతాయి. నిద్ర చాలక అలా అయిందని తల్లులు అనుకుంటారు. చాలాసార్లు అది ముక్కు దిబ్బడ వల్ల వచ్చింది.

ముక్కు అలర్జీ వల్ల జ్వరం రాదు. థర్మామీటర్ పెడితే 100 దాటిందంటే అలర్జీ ఒక్కటే కాదని అర్థం. అలర్జీ ఉన్నవాళ్ళకు దాని మీద సర్ది గానీ డెంగీ గానీ రావచ్చు. "నాకు ఎప్పుడూ ఉండే అలర్జీయే" అని జ్వరాన్ని తీసిపారేయొద్దు. చెయ్యి నుదుటి మీద పెట్టి చూడటం సరిపోదు. ఇంట్లో ఒక థర్మామీటర్ ఉండాలి.

ఈ రెండూ చూశాక ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని రోజుల నుంచి? ఎక్కడ ఉన్నప్పుడు? సర్ది అయితే వారం, పది రోజుల్లో దానంతట అదే పోతుంది. అలర్జీ వారాల కొద్దీ ఉంటుంది, లేదంటే ప్రతి ఏడాదీ అదే కాలానికి వస్తుంది. సర్ది ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది, అలర్జీ అంటదు. పొద్దున లేవగానే వరసగా తుమ్ములు వచ్చి పది గంటలకల్లా తగ్గిపోతే పరుపు, దిండు, దుప్పట్లలో ఉండే కంటికి కనపడని దుమ్ము పురుగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. రైస్‌మిల్లుకు పోయిన రోజే వచ్చి, ఆదివారం ఇంట్లో ఉంటే రాకపోతే కారణం మిల్లులో ఉంది. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీ చేసేవాళ్ళకు ఈ చిన్న లెక్కతోనే సగం సంగతి తెలిసిపోతుంది.

చీమిడి రంగును నమ్ముకోవద్దు. నీళ్ళలా కారితే అలర్జీ, పసుపుగా వస్తే ఇన్ఫెక్షన్, వెంటనే యాంటీబయాటిక్ కావాలని చాలామంది అంటారు. మామూలు సర్దిలో కూడా మూడో రోజు, నాలుగో రోజు చీమిడి చిక్కబడి పసుపు రంగుకు తిరుగుతుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. పది రోజులు దాటినా తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం, చెంపల నొప్పి, కనుబొమ్మల మధ్య నొప్పి మొదలైతే అప్పుడు సైనస్ ఇన్ఫెక్షన్ గురించి డాక్టర్‌ను అడగాలి.

చిన్నపిల్లల విషయంలో ఒక్క ముక్కురంధ్రం నుంచే వాసన కొట్టే చీమిడి వస్తుంటే అది అలర్జీ కాదు, సర్దీ కాదు. పల్లీ గింజో, శనగ గింజో, పలక బలపం ముక్కో లోపల ఇరుక్కుని ఉంటుంది. ఇంట్లో పిన్నులతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. చెవి, ముక్కు, గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లీలు కుప్పపోసే రోజుల్లో దీనికి తోడు ఇంకో ప్రమాదం ఉంటుంది. గింజలు నములుతూ ఆడుకునే రెండు మూడేళ్ళ పిల్లకు ఉన్నట్టుండి పొలమారి, ఆ తర్వాత దగ్గు, పిల్లికూతలు మొదలైతే గింజ ఊపిరి గొట్టంలోకి పోయి ఉండవచ్చు. కాసేపటికి దగ్గు ఆగినా సరే, ఆస్తమా అనుకుని సిరప్ పోస్తూ కూర్చోకుండా ఆ రోజే పెద్ద దవాఖానకు పోవాలి.

ఫ్లూ, డెంగీ

ఫ్లూ పొద్దున బాగున్న మనిషిని సాయంత్రానికి పడేస్తుంది. జ్వరం ఎక్కువగా, ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు. అలర్జీ ఉన్న మనిషి విసుగ్గా ఉన్నా పనికి పోతాడు, ఫ్లూ వచ్చిన మనిషి మంచం దిగడు. కోవిడ్ కూడా ఇప్పుడు ఎక్కువగా సర్ది లాగే వస్తుంది, చూసి చెప్పలేం, టెస్టుతోనే తెలుస్తుంది. ముసలివాళ్ళు, గర్భిణులు, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఈ రెండిట్లో ఏది అనిపించినా ఆలస్యం చేయకూడదు.

డెంగీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది అలర్జీ వేషంలో రెండుసార్లు కనపడుతుంది. మొదట్లో జ్వరంతో పాటు మొహం, ఛాతీ ఎర్రబడితే ఏదో పడలేదనుకుంటారు. మళ్ళీ ఆరో రోజు, ఏడో రోజు, జ్వరం తగ్గాక, కాళ్ళూ చేతులూ ఎర్రగా పొక్కి అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెడతాయి. అప్పుడు "మందులు పడక అలర్జీ వచ్చింది" అని షాపుకు వస్తారు. ఆ దురద చాలావరకు డెంగీ తగ్గుముఖం పట్టేటప్పుడు వచ్చేదే. అయినా ఏ జ్వరానికి ఏ మందులు వాడారో చూపించి డాక్టర్‌ను ఒక మాట అడగడం మంచిది.

డెంగీలో సాధారణంగా ముక్కు కారదు, తుమ్ములు ఉండవు. ఎక్కువ జ్వరం, కళ్ళ వెనక నొప్పి, కీళ్ళు, కండరాలు విరిచేసినట్టు నొప్పి ఉంటాయి. ముక్కులో ఏమీ లేకుండా జ్వరం మాత్రం మండిపోతుంటే ఈ జిల్లాల్లో వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో డెంగీ, మలేరియా టెస్టులు చేయించుకోవాలి. మొదటి 5 రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష పనికొస్తాయి. తేలే వరకు జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, సూది వేయించుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్ళు సొంతంగా ఆపకుండా డాక్టర్‌ను అడగాలి. అసలు గండం జ్వరం దిగినప్పుడే. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రం తగ్గడం, చేతులు కాళ్ళు చల్లబడటం, మనిషి మత్తుగా పడి ఉండటం కనపడితే దవాఖానకు పరుగెత్తాలి. జ్వరం తగ్గిందని పత్తి చేనుకు పోయినవాళ్ళే ఎక్కువగా ఇక్కడ దెబ్బతింటారు.

దగ్గు, దమ్ము

దమ్ము అంటే ఆస్తమా. ముక్కు అలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి అదే అలర్జీ ఊపిరితిత్తుల్లోకి దిగి దమ్ముగా కనపడుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు దగ్గు వచ్చి లేపడం, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టుండటం, దుమ్ములో గానీ చలిగాలిలో గానీ పెరగడం, మధ్యలో కొన్ని రోజులు పూర్తిగా బాగుండటం దాని తీరు.

దీనితో కలగాపులగం చేసుకోకూడనిది టీబీ. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా, ఎంత దుమ్ములో పనిచేసేవారైనా, బీడీ తాగేవారైనా తెమడ పరీక్ష చేయించాలి. సాయంత్రం పూట సన్నటి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం తోడైతే ఇంక ఆలోచించాల్సిన పని లేదు. పరీక్ష, మందులు సర్కారు దవాఖానలో ఉచితం. చికిత్స నడిచినన్ని రోజులు తిండికోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చే డబ్బును 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు చేశారు. ఊళ్ళో ఆశా వర్కర్‌కు చెబితే తెమడ డబ్బా ఎక్కడ ఇవ్వాలో చూపిస్తుంది. దుమ్ము దగ్గు అనుకుని నెలల తరబడి సిరప్‌లు తాగే కూలీలను చూస్తే నాకు బాధేస్తుంది. సిరప్ సీసాకు పెట్టే డబ్బు వాళ్ళ ఒక పూట కూలి, తెమడ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

పని బట్టి వచ్చే దగ్గులు ఇంకొన్ని ఉన్నాయి. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో చేసేవాళ్ళకు సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ పట్టేసి, తర్వాతి రోజుల్లో తగ్గుతూ వస్తుంది. అది పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే శాశ్వతంగా ఊపిరి తగ్గిపోతుంది. బూజు పట్టిన గడ్డివాము కదిలించినా, తడిసి ముక్కిన వడ్లు ఎత్తినా నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత కొందరికి చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. అచ్చం న్యుమోనియా లాగే ఉంటుంది, మర్నాటికి తగ్గుతుంది, మళ్ళీ గడ్డి ముడితే మళ్ళీ వస్తుంది. అలర్జీలో జ్వరం రాదని పైన చెప్పిన మాటకు ఇది మినహాయింపు. ఇక క్రషర్లలో, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళ ఆయాసం అలర్జీ కాదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి వచ్చే సిలికోసిస్. దానికి అలర్జీకి వేసే సెట్రిజిన్ గోలి ఏమీ చేయదు, ఎక్స్‌రే తీయించాలి. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు టీబీ కూడా త్వరగా పడుతుంది.

ఒంటి మీద వచ్చేవి

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎర్రగా, దురదగా ఏది వచ్చినా అలర్జీ అని పేరు పెట్టేస్తారు.

దద్దుర్లను గుర్తుపట్టడానికి ఒక బాల్‌పెన్ చాలు. ఉబ్బిన దద్దు చుట్టూ పెన్నుతో గీత గీసి టైమ్ రాసి పెట్టండి. మర్నాడు అదే టైముకు గీత లోపల చర్మం మామూలుగా అయిపోయి, దద్దు వేరే చోట లేచి ఉంటే అవి దద్దుర్లు. ఒక్కో దద్దు 24 గంటల్లోపు మచ్చ లేకుండా పోతుంది, కొత్తవి లేస్తుంటాయి. గీత లోపల అలాగే ఉండి, నొప్పి పెట్టి, నల్లగా మచ్చ పడితే అది వేరే జబ్బు, చర్మ డాక్టర్ చూడాలి. పిల్లల్లో దద్దుర్లు చాలాసార్లు వైరస్ జ్వరాల వెనకే వస్తాయి. ఆరు వారాలు దాటి రోజూ దద్దుర్లు వస్తుంటే దానికి ఎక్కువమందిలో తిండి కారణం కాదు. ఆ మాట తెలియక వంకాయ, గోంగూర, గుడ్డు, చేపలు, పల్లీలు ఒక్కొక్కటే మానేసి, పచ్చడి మెతుకులతో బక్కచిక్కిన ఆడవాళ్ళు నా షాపుకు వస్తుంటారు.

గజ్జి రాత్రి పూట కొరుకుతుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ, చంకల్లో, మగవాళ్ళకు మర్మాంగాల మీద చిన్న పొక్కులు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు గోక్కుంటున్నారంటే, హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లతో మొదలైందంటే అలర్జీ గోలి పక్కన పెట్టి గజ్జి మందు అడగండి. పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాత్రి పడుకునే ముందు మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసి, పొద్దున స్నానం చేయాలి. దురద ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాయాలి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ను అడిగి రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదని రోజూ రాస్తే చర్మం మండుతుంది.

తామర గుండ్రంగా పాకుతుంది. అంచు ఎర్రగా, పొట్టుగా, మధ్యలో కాస్త తేటగా ఉంటుంది. గజ్జల్లో, నడుం దగ్గర చీర కట్టు, పంట్లాం బెల్టు కింద ఎక్కువ. చాలామంది షాపులో ట్యూబ్ పేరు చెప్పి అడుగుతారు. అది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీమ్. రెండు రోజుల్లో దురద పోతుంది, నెలలో తామర రెండింతలవుతుంది, అంచులు చెరిగిపోయి డాక్టర్ కూడా గుర్తుపట్టలేని రూపానికి వస్తుంది. నా షాపులో చీటీ లేకుండా ఆ ట్యూబ్ ఇవ్వను. కొందరు కోపం తెచ్చుకుని పక్క షాపుకు పోతారు.

వయ్యారిభామ అలర్జీ వేరే తీరు. మొహం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు, అంటే బట్ట కప్పని చోట, చెమట నిలిచే చోట చర్మం ఎర్రబడి, మందమై, పగుళ్ళు వారుతుంది. పొలం పని చేసే పెద్దవయసు మగవాళ్ళలో ఎక్కువ. వానాకాలంలో పెరిగి ఎండాకాలం తగ్గుతుంది, కొన్నేళ్ళకు ఏడాది పొడుగునా ఉండిపోతుంది. ఎండ పడక వచ్చిందనుకుంటారు. ఎండ వల్ల వచ్చిందే అయితే చెవుల వెనక, గడ్డం కింద, కనురెప్పల మీద సాధారణంగా ఏమీ ఉండదు. అక్కడా ఉందంటే గాలిలో వచ్చిపడేదాన్ని అనుమానించాలి. మొక్కను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. చర్మానికి పడనివాళ్ళు మాత్రం పీకే పనికి పోవద్దు, ఇంకొకరితో చేయించాలి. ఎండిన మొక్కలకు నిప్పు పెట్టి పొగలో నిలబడొద్దు.

నారాయణపేట, మక్తల్, కొడంగల్ నుంచి ముంబై, పుణెలకు పోయి మేస్త్రీ పని చేసేవాళ్ళ చేతులు చూడండి. వేళ్ళ వెనక, అరచేతుల పక్కన పగుళ్ళు, రసి, దురద. పండక్కి ఊరికి వస్తే రెండు వారాల్లో మానిపోతాయి, మళ్ళీ సిమెంట్ ముడితే లేస్తాయి. సిమెంట్‌లోని క్రోమియం పడని అలర్జీ అయ్యుండొచ్చు, తడి సిమెంట్ ఘాటుకు చర్మం కాలినదైనా అయ్యుండొచ్చు. ఏదైనా ముందు చేయాల్సింది ఒకటే, తడి సిమెంట్ చేతికి తగలకుండా రబ్బరు తొడుగులు, పని కాగానే మంచినీళ్ళతో కడగడం. ఇలాంటి తాకుడు అలర్జీ వెంటనే కాదు, ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. జుట్టు రంగు, గిల్టు కమ్మలు, వాచీ బెల్టు కూడా అలాగే. అందుకే శనివారం వేసుకున్న రంగుకు సోమవారం మొహం వాస్తే ఆదివారం తిన్న చికెన్‌ను తిడుతుంటారు.

కళ్ళకు పెద్ద చర్చ అక్కర్లేదు. రెండు కళ్ళూ దురద పెట్టి నీళ్ళు కారితే అలర్జీ. ఒక కంట్లో మొదలై రెండో కంటికి పాకి, పొద్దున రెప్పలు పుసితో అంటుకుంటే కళ్ళకలక. నొప్పి ఉండి, వెలుతురు చూడలేక, చూపు మసకబారితే రెండూ కాదు. వరి ఆకు గీరుకుని గానీ వడ్ల ఊక పడి గానీ కంటి నల్లగుడ్డుకు గాయమై ఉండవచ్చు. స్టెరాయిడ్ చుక్కలు వేయకుండా ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించండి.

తిన్నది పడలేదా, పాడైంది తిన్నారా

తిండి అలర్జీ తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లో బయటపడుతుంది. పెదవులు వాయడం, నోట్లో దురద, దద్దుర్లు, వాంతి. ఎంత కొంచెం తిన్నా వస్తుంది, తిన్న ప్రతిసారీ వస్తుంది. పెళ్ళిలో తిన్నాక మీతో పాటు ఇంకో నలుగురికి వాంతులు, విరేచనాలు అయితే అది కలుషిత ఆహారం. పాలు తాగితే కడుపుబ్బరం, గ్యాస్, నీళ్ళ విరేచనం మాత్రమే అయితే పాలలోని చక్కెర అరగకపోవడం, అలర్జీ కాదు. వాళ్ళలో చాలామందికి పెరుగు, మజ్జిగ బాగానే పడతాయి.

పురుగు మందు చల్లాక వచ్చే వాంతి

పత్తికి, మిరపకు పురుగు మందు కొట్టి వచ్చిన మనిషికి తల తిరగడం, వాంతి, చొంగ కారడం, చెమటలు పట్టడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం కనపడితే మందు వాసన పడలేదని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టకండి. అది విషం ఎక్కడం. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. బట్టలు విప్పించి, సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా కడిగి, మందు డబ్బాను కూడా పట్టుకుని దవాఖానకు తీసుకుపోవాలి. డబ్బా మీద పేరు చూస్తే డాక్టర్‌కు విరుగుడు తేల్చుకోవడం తేలికవుతుంది.

టెస్టులు ఎంతవరకు చెబుతాయి

"నాకు ఈస్నోఫీలియా ఉంది" అనే మాట చాలా ఇళ్ళలో వింటాం. రక్త పరీక్షలో ఈస్నోఫిల్ కణాలు పెరిగితే అలర్జీ కావచ్చు, కడుపులో నులిపురుగులు కూడా కావచ్చు, కొన్ని మందుల వల్లా కావచ్చు. బడుల్లో, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ గోలి పిల్లలకు వేయించారా లేదా అన్నది ముందు చూసుకోండి. వంద రకాల తిండి పేర్లతో వేలకు వేలు తీసుకుని చేసే రక్తపు ప్యానెళ్ళ మీద నాకు నమ్మకం లేదు. రక్తంలో ఒకదానికి పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది తింటే మీకు పడదని కాదు. తింటే ఏమవుతుందో చెప్పే మీ అనుభవంతో కలిపి డాక్టర్ చూస్తేనే ఆ కాగితానికి విలువ. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షకు వెళ్ళేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు అలర్జీ గోలీలు వారం ముందు నుంచి ఆపాలి, లేదంటే ఫలితం తప్పు వస్తుంది.

మందుల్లో ఏది

ముక్కు అలర్జీ అని తేలాక, అప్పుడప్పుడు వచ్చేదైతే సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్‌లలో ఏదో ఒకటి చాలు. సెట్రిజిన్ చౌక, కానీ కొందరికి నిద్రమత్తు తెస్తుంది. ట్రాక్టర్, హార్వెస్టర్, లారీ నడిపేవాళ్ళకు ఫెక్సోఫెనడిన్ మేలు. కల్లు గానీ మద్యం గానీ తాగిన రాత్రి సెట్రిజిన్ వేసుకుంటే మత్తు రెట్టింపవుతుంది. పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న సర్ది గోలీలు ముసలాయనలకు మూత్రం బిగుసుకునేలా చేస్తాయి. వాటిలోనే ఉండే ఫినైలెఫ్రిన్ బీపీ ఉన్నవాళ్ళకు మంచిది కాదు, పైగా పారాసిటమాల్ కూడా కలిసి ఉండటం వల్ల జ్వరం గోలితో కలిపి డోసు రెండింతలవుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో చెప్పింది.

రోజూ ఉండే ముక్కు దిబ్బడకు గోలీ కంటే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుంది. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. ఇందులో మోతాదు చాలా తక్కువ, ముక్కులోనే పనిచేస్తుంది. కానీ ఈ రోజు కొడితే ఈ రోజే తగ్గదు, రెండు వారాల దాకా వదలకుండా కొట్టాలి. నాజిల్‌ను ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపు తిప్పి పట్టుకోవాలి. వెంటనే ముక్కు తెరిచే చుక్కల మందు వేరే, దాన్ని ఐదు రోజులు మించి వాడితే ముక్కు ఇంకా బిగుసుకుంటుంది. దమ్ముకు ఇన్‌హేలర్ పెట్టుకోవడం అంటే చివరి దశ అనే భయం వదిలేయండి. గోలీ కంటే తక్కువ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలర్జీకి, దమ్ముకు వాడే మాంటెలుకాస్ట్ కలిసిన గోలీని ఇప్పుడు సర్ది గోలీలా అమ్ముతున్నారు. దానితో కొందరికి పీడకలలు, మనసు చిరాకు, దిగులు వస్తాయని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది. పిల్లలు ఆ గోలీ మొదలుపెట్టాక రాత్రిళ్ళు ఏడుస్తుంటే, కోపం పెరిగితే డాక్టర్‌కు చెప్పండి.

సూది గురించి ఖచ్చితంగా చెప్పాలి. ఊళ్ళో వేసే డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) సూదితో దురదా తగ్గుతుంది, దమ్మూ తగ్గుతుంది, జ్వరమూ దిగుతుంది. అన్నిటికీ పనిచేసినట్టు కనపడటమే దానితో వచ్చిన చిక్కు. గజ్జి అలాగే ఉంటుంది, తామర పెరుగుతుంది, టీబీ ముదురుతుంది, డెంగీ గుర్తులు మరుగున పడతాయి. షుగర్ ఉన్నవాళ్ళకు షుగర్ ఎగబాకుతుంది. ఏ రోగమో తేలకుండా ఆ సూది వద్దనండి. ఇప్పటికే వేయించుకుని ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

ఏమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాల్సినవి

తేనెటీగలు, కందిరీగలు కుట్టాక, కొత్త మందు వేసుకున్నాక, ఏదైనా తిన్నాక నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుని, మాట బొంగురుపోయి, ఊపిరి ఆడక, కళ్ళు తిరిగి పడిపోతుంటే అది ప్రాణాంతకమైన అలర్జీ. దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు. దానికి విరుగుడు తొడ కండరానికి వేసే అడ్రినలిన్ సూది. సెట్రిజిన్, అవిల్ లాంటి అలర్జీ మందులు, డెక్సా దాన్ని ఆపలేవు, వాటితో సమయం పోతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఊపిరి ఆడకపోతే ఆనుకుని కూర్చోనివ్వండి, లేపి నడిపించకండి. తగ్గినట్టు కనపడినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబడవచ్చు, దవాఖానలోనే ఉంచాలి.

పిల్లలు పక్కలెగరేస్తుంటే అది న్యుమోనియా కావచ్చు. ఛాతీ ఎగసిపడటం నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40 దాటితే వెంటనే తీసుకుపోవాలి. కొత్త మందు మొదలుపెట్టిన రోజుల్లో నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం, చర్మం బొబ్బలెక్కి ఊడటం కనపడితే ఆ మందు ఆపి అప్పటికప్పుడే పెద్ద దవాఖానకు పోవాలి. ఆ మందు పేరు ఆధార్ కార్డు వెనక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

అత్యవసరం కానివాటికి మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలు ఉన్నాయి. చర్మానికి, ఊపిరితిత్తులకు, చెవి ముక్కు గొంతుకు విడివిడిగా ఓపీ ఏ రోజు ఉందో ముందే అడిగి పోండి. పోయేటప్పుడు ఇప్పటిదాకా వాడిన గోలీ షీట్లు, ట్యూబులు పారేయకుండా ఒక కవర్‌లో వేసుకుని తీసుకుపోండి. ఒంటి మీద దద్దుర్లు డాక్టర్ దగ్గరికి చేరేలోపు మాయమవుతాయి, కాబట్టి లేచినప్పుడే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. దురద ఎప్పుడు, జ్వరం ఎంత, ఎన్నో రోజు, ఆ రోజు ఏ పనికి పోయారు, ఇంట్లో ఇంకెవరికి ఉంది అన్నవి కాగితం మీద రాసుకుని పోతే ఓపీలో దొరికే ఆ రెండు నిమిషాలు సరిపోతాయి.